మొహం చూశావా

మా బావ ఎడమచేతివాటం మనిషి. ఈ ఒక్క వాక్యాన్ని ఇరవై ఒక్క సంవత్సరాలుగా మనసులో రాసుకుంటూ, కొట్టేసుకుంటూ వస్తున్నాను. అది నిజమని నా జ్ఞాపకం చెబుతుంది. కాదని, ఆయనతో పాతికేళ్ళు కాపురం చేసిన మా అక్క చెబుతుంది. జ్ఞాపకానికీ మనిషికీ పేచీ వచ్చినప్పుడు మనిషినే నమ్మడం మర్యాద. ఆ మర్యాద చాలాకాలం పాటించాను. అయితే నేను చెప్పబోయే సాయంత్రమంతా ఆ వాక్యం మీదే నిలబడి ఉంది. అది కూలిపోతే ఇందులో భయపడవలసింది దాదాపు ఏమీ మిగలదు. అందుచేత ముందే ఒప్పుకుంటున్నాను: అంతస్తుల సంఖ్య, ఏ మాట ముందు ఏ మాట వెనక అన్నది, ఇటువంటి వాటిలో నేను పొరబడి ఉండవచ్చు. చప్పుళ్ళ విషయంలో మాత్రం పొరబడలేదు.

ఇప్పుడంటే పత్రికలకు వ్యాసాలు రాసుకుంటూ బతుకుతున్నాను గానీ, అప్పట్లో నాకు ముప్ఫై ఏళ్ళు, చేతిలో పుస్తకం తప్ప పని లేదు. బావ అద్దాల భవనాలను బయటినుంచి తుడిచే పనిలో ఉండేవాడు. ఆ పనిలో లోపల నిలబడే మనిషి ఒకడు కావలసి వచ్చినప్పుడు అక్క పట్టుబట్టి నన్ను పెట్టించింది.

"నువ్వేదో ఉద్ధరిస్తావని కాదురా," అంది. అప్పుడామెకు నాలుగో నెల. "ఆయన బయట వేలాడుతుంటే లోపల మనవాడంటూ ఒకడుండాలి. కళ్ళలోంచి జారనివ్వకు. అంతే నీ పని."

ప్రతి సాయంత్రం తలుపు తీస్తూనే బావను పలకరించడానికి ముందు నన్ను అడిగేది. "కనబడుతూనే ఉన్నారా?"

"ఉన్నాడక్కా."

"వీడికి కనబడటానికి నేనేమన్నా పెళ్ళికూతుర్నా," అనేవాడు బావ చెప్పులు విప్పుతూ.

ఆ పని ఎలా ఉండేదో చెప్పాలి. ఇరవై నాలుగు అంతస్తుల భవనం, నేల నుంచి కొన దాకా అద్దమే. కొనమీద పట్టాల మీద నడిచే ఒక యంత్రం. దానినుంచి రెండు ఉక్కు తాళ్ళు, ఆ తాళ్ళకు ఒక ఇనుప తొట్టి. మేమందరం దాన్ని ఊయల అనేవాళ్ళం. బావ నడుముకు బెల్టు కట్టుకుని, ఆ బెల్టు కొక్కేన్ని ఊయలకు తగిలించుకుని, సబ్బునీళ్ళ బకెట్టుతో, రబ్బరు పట్టీతో అందులో నిలబడేవాడు. యంత్రాన్ని నడిపే పెద్దాయన కొనమీద ఉండేవాడు. వాకీటాకీలో గొంతు తప్ప మనిషి ఎప్పుడూ కనబడడు గనక ఆయనను ఆకాశవాణి అని పిలిచేవాళ్ళం. బయట గాలి హోరులో వాకీటాకీ పనిచేయదు. అందుకని ఊయలలో ఉన్నవాడు అద్దం మీద తట్టి లోపలివాడికి చెబుతాడు, లోపలివాడు ఆకాశవాణికి చెబుతాడు.

ఒకసారి తడితే, మరక నీవైపుంది చూడు అని. రెండుసార్లు తడితే, ఈ అద్దం అయింది, పక్కదానికి జరపమను అని. మూడుసార్లు తడితే, నన్ను లోపలికి తీసుకో అని.

ఆ భవనంలో అద్దాలు తెరుచుకోవు. అంతస్తుకొకటి మాత్రం, ప్రమాదం వస్తే మనుషుల్ని తప్పించడానికి, మూల మీద ఎర్ర చుక్క ఉన్న అద్దం తాళంచెవితో లోపలికి తెరుచుకుంటుంది. ఆ తాళంచెవి నా మెడలో ఉండేది.

ఇంకొక ఆచారం ఉండేది. అది కాగితం మీద ఎక్కడా లేదు, ఆకాశవాణి పెట్టింది. ఊయల జరపమని నేను చెప్పినప్పుడల్లా ఆయన ఒకే ప్రశ్న అడిగేవాడు: "మొహం చూశావా?" నేను "చూశాను" అన్న తర్వాతే యంత్రం కదిలేది. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పాడు. వెనకెప్పుడో మరో భవనం మీద గాలికి బకెట్టు ఊగి అద్దానికి రెండుసార్లు తగిలిందట. లోపలివాడు జరపమన్నాడు, ఈయన జరిపాడు. బయటివాడు అప్పుడు వంగి తాడు సర్దుకుంటున్నాడు. నాలుగు వేళ్ళు పోయాయి. "చప్పుడికి మొహం ఉండదు నాయనా," అన్నాడు. "మొహం చూడందే నాతో మాట్లాడకు."

ఈ ప్రశ్న మా ఇంట్లో కూడా వాడుకలోకి వచ్చింది. కూర బాగుందని నేనంటే అక్క, "మొహం చూశావా?" అనేది. ఎవరి మొహమని బావ అడిగేవాడు. కూరదా, వండినదాని మొహమా అని.

బావకొక విద్య ఉండేది. అద్దం మీది సబ్బునురగలో వేలితో రాసేవాడు, అదీ తిరగేసి. లోపల నిలబడ్డ నాకు అక్షరాలు సరిగ్గా కనబడాలని ప్రతి గుణింతాన్నీ తలకిందుల తెలివితో వెనక్కి గీసేవాడు. పద్దెనిమిదో అంతస్తు ఎత్తున, గాలిలో ఊగుతూ, "బామ్మర్దీ ఆకలి" అని రాసి, నేను నవ్వేలోపు తుడిచేసేవాడు. ఎడమచేత్తో. ఎడమచేత్తోనే అని నా జ్ఞాపకం.

ఆరోజు తప్పు నాది. మధ్యాహ్నం క్యారియర్ తిన్నాక మెట్లమీద కూర్చుని పుస్తకం తెరిచాను. పది నిమిషాలనుకున్నది గంటన్నర అయింది. లోపల మనిషి లేనిదే ఊయల కదలకూడదు. బావ ఆ గంటన్నరా కొనమీద ఆకాశవాణితో కబుర్లు చెబుతూ కూర్చుని, నేను వచ్చాక ఒక్క మాట కూడా అనలేదు. వాకీటాకీలో మాత్రం అన్నాడు. "మా కుంభకర్ణుడు లేచాడట, పదండి."

మర్నాడు ఉదయం ఆ భవనానికి ప్రారంభోత్సవం. సాయంత్రానికి పద్దెనిమిదో అంతస్తు పడమటివైపు ఎనిమిది అద్దాలు మిగిలాయి. వీధిదీపాలు వెలిగితే బయట పని ఆపేయాలన్నది నియమం. మేస్త్రీ చేతిగడియారం చూసుకుంటూ వచ్చి, "ఎనిమిదే కదయ్యా, ముక్కు మూసుకుని కానిచ్చేయండి," అని కిందికి వెళ్ళిపోయాడు. బావ నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ గంటన్నర పోకపోతే ఆ ఎనిమిదీ ఎప్పుడో అయిపోయేవి.

"పోనీలేరా," అన్నాడు బెల్టు బకిల్ బిగించుకుంటూ. "అక్కతో చెప్పకు."

చీకటిలో ఎందుకు తుడవకూడదో అద్దాల దగ్గర పనిచేసినవాళ్ళకు వేరే చెప్పనవసరం లేదు. పగలు అద్దంలోంచి బయట కనబడుతుంది. బయట చీకటిపడి లోపల దీపం వెలిగిందా, అద్దంలో మనమే కనబడతాం. బయటున్నవాడు మనల్ని చూస్తూనే ఉంటాడు. మనం మాత్రం మనల్ని చూసుకుంటూ ఉంటాం.

ఆ అంతస్తులో ఇంకా బల్లలు, కుర్చీలు రాలేదు. కొత్త తివాచీ మీద కాళ్ళ మట్టి అంటకుండా గోడ నుంచి గోడకు పల్చని ప్లాస్టిక్ పరిచారు. కప్పుకు ఆరు వరసల దీపాలు. లిఫ్టు దగ్గర మొదటి వరస, అద్దాల దగ్గర ఆరోది. ఒక్కొక్క వరసకూ ఒక కన్ను ఉంది. దాని కింద మనిషి కదిలితే ఆ వరస వెలుగుతుంది, కదలిక ఆగిన నిమిషానికి ఆరిపోతుంది. అందుచేత నేనొక ఉపాయం కనిపెట్టాను. అద్దం ముందుకు వెళ్ళి నిలబడతాను, నా మీద దీపం వెలుగుతుంది, బావ మాయమవుతాడు. ఇక కదలను. రెప్ప తప్ప ఏదీ కదపను. నిమిషానికి దీపం ఆరుతుంది. చీకట్లో మెల్లగా మొదట తాళ్ళు, తర్వాత పసుపుపచ్చ టోపీ, తర్వాత బావ మొహం. ఇటువంటి శ్రద్ధ నా జీవితంలో మరే పనిమీదా పెట్టలేదు. అక్క మాట అలా నిలబెట్టుకుంటున్నాననుకున్నాను.

మొదటి అద్దం అలాగే అయింది. రెండోదీ అయింది. మూడోది ఎర్ర చుక్క ఉన్నది. దాని మధ్యలో ఒక మరక. బావ రుద్ది ఒకసారి తట్టాడు. నేను నావైపు రుద్ది ఒకసారి తట్టాను. ఆయన మళ్ళీ తట్టాడు. మరక ఇటా, అటా? అద్దానికి రెండువైపులా ఇద్దరం ముక్కులు ఆనించి కోతుల్లా చూశాం. చివరికి అది ఆయనవైపే. నురగలో రాశాడు. "నీ చూపు మండ."

గాలి పెరుగుతోంది. లోపలికి గాలి రాదు, చప్పుడూ రాదు. ఊయల ఊగడాన్నిబట్టి తెలుస్తుందంతే.

నాలుగో అద్దం.

నిలబడ్డాను. దీపం ఆరింది. బావ కనబడ్డాడు. పైనుంచి కిందికి సబ్బు పూస్తున్నవాడు సగంలో ఆగాడు. నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా, నా వెనక్కి చూస్తున్నాడు. కాసేపలా చూసి, ఎవరు అన్నట్టు గడ్డం పైకెత్తాడు.

వెనక్కి తిరిగాను. నా కదలికకు నా వరస వెలిగింది. హాలులో ఎవరూ లేరు. నిమిషం తర్వాత మళ్ళీ చీకటి.

అప్పుడు లిఫ్టు దగ్గర మొదటి వరస వెలిగింది.

లిఫ్టు రాలేదు. వస్తే గంట మోగుతుంది. వెలుగు కింద ప్లాస్టిక్ నున్నగా మెరుస్తోంది.

"మేస్త్రీగారూ," అన్నాను. మాట పెద్దగా రాలేదు.

రెండో వరస వెలిగింది. వెనకాల మొదటిది ఇంకా ఆరలేదు. ప్లాస్టిక్ మీద చప్పుడు వినబడింది, తడిసిన బూటు ఆనించి లేపినట్టు. ఒకటి. కొంత ఆగి, మరొకటి. మూడో వరస... సబ్బునీళ్ళ వాసన వచ్చింది. తడి రబ్బరు వాసన. ఆ వాసన అద్దానికి బయటివైపుది. నాలుగు నెలల్లో లోపల ఎన్నడూ నా ముక్కుకు తగల్లేదు.

నాలుగో వరస వెలిగి, అక్కడ ఆగిపోయింది. నాకూ దానికీ మధ్య ఒక్క వరసే చీకటి. ఆ వెలుగు కింద ఏమీ లేదు. అయినా ఆరలేదు. కదలిక ఉన్నంతసేపే వెలుగు ఉంటుందని చెప్పాను కదా.

చిన్నపిల్లలు దుప్పటి కప్పుకున్నట్టు నేను అద్దంవైపు తిరిగాను. వెనకనుంచి వెలుగు పడుతుండటంతో అద్దం పూర్తిగా దర్పణమైపోయింది. అందులో నేనున్నాను. నా భుజం పక్కనే బావ మొహం ఉంది. పసుపుపచ్చ టోపీ, చెంపమీద నురగ. ప్రాణం లేచి వచ్చింది. కనబడుతూనే ఉన్నాడు. చేతిలో రబ్బరు పట్టీ. ఏ చేతిలో అన్నది అప్పుడు చూడలేదు.

అద్దం మీద రెండుసార్లు చప్పుడైంది.

వాకీటాకీ నొక్కాను. "జరుపు."

"మొహం చూశావా?"

"చూశాను."

అబద్ధం కాదు. నిజంగానే మొహం చూశాను. ఏ పక్కనున్న మొహాన్ని చూశానన్నది ఆయన అడగలేదు.

పైన యంత్రం కదిలిన సన్నని అదురు కప్పులోంచి వచ్చింది. తాళ్ళ నీడలు అద్దం మీదినుంచి కుడివైపుకు జరిగాయి. ఊయల వెళ్ళిపోయింది. అద్దంలో బావ మొహం మాత్రం ఉన్నచోటే ఉంది.

అప్పుడు కిందికి చూశాను. అద్దంలో నా కాళ్ళు ప్లాస్టిక్ మీద ఉన్నాయి. ఆ మొహం తాలూకు కాళ్ళూ ప్లాస్టిక్ మీదే ఉన్నాయి. నా వెనక, ఒక వరస అవతల, వెలుగు కింద.

తిరగలేదు. తిరిగితే అక్కడ ఎవరూ ఉండరని తెలుసు, అదే ఎక్కువ భయంగా అనిపించింది. ఐదో అద్దం ముందుకు నడిచాను. నామీద దీపం వెలిగింది. ఇంకా నాలుగు అద్దాలు. అవి అయిపోతే ఈ అంతస్తు విడిచిపోవచ్చు. బుర్రలో మరో ఆలోచన లేదు.

అద్దం మీద అవతలివైపు నురగ పూసి ఉంది. నా దీపం వెలుగులో అది తెల్లగా కనబడుతోంది. దానిలో ఒక వేలు రాస్తోంది. వేలు కనబడదు, గీత మాత్రం పుడుతోంది. తిరగేసి రాయడం వల్ల నాకు సరిగ్గానే కనబడింది.

ఆగు.

ఆ అక్షరాలు పూర్తి కాకముందే రెండుసార్లు తట్టిన చప్పుడైంది. ఎక్కడినుంచి? అద్దం మీదినుంచే. ఇటా, అటా... చెప్పలేను. వేలితో రాస్తున్నవాడు అదే క్షణంలో ఎలా తడతాడని ఇప్పుడు, ఈ బల్ల ముందు కూర్చుని, అడగగలను. అప్పుడు నా ఎదుట రెండు మాటలున్నాయి. ఒకటి ఆగమంటోంది, ఒకటి పొమ్మంటోంది. నాకు పోవాలనుంది.

"జరుపు."

"మొహం చూశావా?"

"చూశాను."

ఆరో అద్దం ముందుకు నేను చేరకముందే రెండుసార్లు తట్టిన చప్పుడు. "చూశాను." ఏడో అద్దం. "చూశాను." ఆ మాట నోటికి అలవాటైపోయింది. మంత్రం చదువుతున్నట్టు, పెదవులు వాటంతటవే అంటున్నాయి. వెనకాల తడి బూట్ల చప్పుడు నాతోపాటే, నా అడుగుకొక అడుగు... నేను ఆగితే ఆగుతోంది.

ఎనిమిదోది మూల. అక్కడ గాలి రెండువైపులనుంచీ కొడుతుంది. అద్దం మీద ఏదో బరువుగా గుద్దుకున్న చప్పుడు. మళ్ళీ ఒకటి. ఊయల భవనానికి కొట్టుకుంటోంది.

"ఏమయ్యా," అంది ఆకాశవాణి గొంతు. మొదటిసారి ఆ గొంతులో వెటకారం లేదు. "అప్పుడే మూలకెలా వచ్చాడు? ఐదు నిమిషాల్లో నాలుగు అద్దాలు ఎలా తుడిచాడు? నువ్వు చూస్తున్నావా అసలు?"

వాకీటాకీని చెవికి అదుముకున్నాను.

"ఈ గాలిలో మనిషి ఉండగా పైకి లాగలేను. తాళ్ళు మెలిపడతాయి. వెనక్కి తెస్తున్నా. చుక్క దగ్గర లోపలికి తీసుకో. విన్నావా? చుక్క దగ్గర."

మూడో అద్దం దాకా పరుగెత్తాను. పరుగెడుతుంటే తెలిసింది, వెనక నాలుగో వరస ఆరిపోయి ఉంది. బూట్ల చప్పుడు లేదు. వాసన లేదు. నా మీది దీపమొక్కటే వెలుగుతోంది, నేనొక్కణ్ణే ఉన్నాను. అంతకన్నా ఆనందం ఆ సాయంత్రం మరొకటి లేదు.

మూడుసార్లు చప్పుడైంది.

తాళం తిప్పాను. అద్దం లోపలికి తెరుచుకోగానే గాలి కింది ప్లాస్టిక్‌ను లేపి మొహాన కొట్టింది. నురగ, చీకటి, హోరు. ఆ చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చింది. పట్టుకున్నాను. ఐసులా ఉంది. రెండు చేతులతో లాగాను. మనిషి నామీద పడ్డాడు, ఇద్దరం కింద పడ్డాం. బావే. టోపీ లేదు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఊపిరి తీసుకుంటున్నాడు. అదే ముక్కు, అవే కళ్ళు.

"మూసెయ్," అన్నాడు గుసగుసగా.

"బావా, దెబ్బలేమన్నా..."

"మూసెయ్ రా... ముందు అది మూసెయ్."

మూసి తాళం తిప్పాను.

తర్వాత మేస్త్రీ వచ్చాడు, అంబులెన్సు వచ్చింది, ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. ఎముకలు విరగలేదు. చలివల్లా, ఊయల అంచుకు నలగడంవల్లా ఎడమచేతి నరం తిమ్మిరెక్కిందని, కొన్నాళ్ళు కుడిచెయ్యి వాడాలని డాక్టరు చెప్పాడు. రెండోరోజు ఆకాశవాణి చూడటానికి వచ్చాడు. అంత పొట్టిమనిషని నాకు అప్పటిదాకా తెలియదు. మంచం దాకా రాలేదు. గుమ్మంలోంచే బావను చాలాసేపు చూసి, నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఊయల పైకొచ్చాక చూశాను," అన్నాడు. "బెల్టు అందులోనే ఉంది. కొక్కెం తగిలించే ఉంది. బకిల్ పెట్టినట్టే ఉంది, విప్పలేదు. మీ బావ నడుమేమన్నా సన్నబడిందా, అందులోంచి జారి రావడానికి?"

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. బెల్టు నేను విప్పానా? ఆ మనిషిని లాగేముందు కొక్కెం తీశానా? ఎంత తవ్వుకున్నా ఆ పని చేసిన చేతులు నా జ్ఞాపకంలో దొరకవు. ఆకాశవాణి ఆ వారమే పని మానేశాడు.

అక్క ఆసుపత్రి వరండాలో నన్ను నిలదీసింది. ఏం జరిగిందని అడగలేదు. కడుపుమీద చెయ్యి పెట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ, ఇంట్లో నవ్వుకోవడానికి వాడే ఆ మాటే అడిగింది.

"మొహం చూశావా?"

"చూశాను."

"ఆయనేగా?"

"ఆయనేనక్కా."

ఆమె తల ఊపి లోపలికి వెళ్ళింది. ఆ తల ఊపడంలో ఒక సంసారం నిలబడింది. నెలలు నిండి మేనల్లుడు పుట్టాడు. బావ అద్దాల పని మానేసి గోదాములో చేరాడు. మంచివాడు, ఇంటిని ప్రేమగా చూసుకుంటాడు, కొడుకు మీద చెయ్యి ఎత్తిన పాపాన పోలేదు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ఎడమచేతి తిమ్మిరి నెలలో పోయింది. కుడిచేతి వాటం పోలేదు. పూర్వం భోజనాలకు కూర్చుంటే మోచేతులు తగులుతాయని అక్క ఆయనను ఎడమచివర కూర్చోబెట్టేదని నాకు గుర్తు. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా ఎవరికీ తగలవు. ఒక చలికాలం ఉదయం, పదేళ్ళ మేనల్లుడు ఆవిరిపట్టిన కిటికీ దగ్గర, "నాన్నా, మామయ్య చెప్పాడు, తిరగేసి రాస్తావటగా, రాయవా," అన్నాడు. ఆయన వేలు ఎత్తి చాలాసేపు నిలబడ్డాడు. "మర్చిపోయాన్రా," అని దించేశాడు. సాయంత్రాలు మాత్రం ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ముందు ఆయన గదిగదికీ తిరిగి తెరలన్నీ వేస్తాడు. తర్వాతే దీపం. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ వరస తప్పగా నేను చూడలేదు.

ఒకసారి, ఒకే ఒకసారి, అక్క పెళ్ళి ఫొటో ముందు నిలబడి నోరు జారాను. ఇంట్లో తిరిగే మనిషికి ఎడమచెంప మీద ఉన్న పుట్టుమచ్చ ఫొటోలో బావకు కుడిచెంప మీద ఉంది.

"స్టూడియోవాడు తిరగేసి కడిగాడు," అంది అక్క, చూడకుండానే.

"వెనకాల బోర్డు మీద అక్షరాలు సరిగ్గానే ఉన్నాయక్కా."

ఆమె చేతిలోని బట్ట మడత పెట్టడం పూర్తిచేసింది. ఇంకొకటి తీసుకుంది. "ఆయనెప్పుడూ కుడిచేతివాటమే," అంది నెమ్మదిగా. "నువ్వు చూశానన్నావు. నేను నమ్మాను. ఇక దాన్ని కదపకు."

కదపలేదు. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళినప్పుడు గోడమీద ఆ ఫొటో లేదు.

ఇంతవరకు చదివినవారికి నేను బాకీపడినది ఒకటుంది. మూసి తాళం తిప్పాను అని రాసి, తర్వాత మేస్త్రీ వచ్చాడు అన్నాను. ఆ రెండు వాక్యాల మధ్య ఏడెనిమిది నిమిషాలు గడిచాయి. వాటిని మరచిపోలేదు. కావాలనే దాటేశాను.

తాళం తిప్పాక ఇద్దరం గోడకు చేరగిలబడి కూర్చున్నాం. మామీద దీపం వెలుగుతోంది. అద్దంలో మేమిద్దరం కనబడుతున్నాం. అప్పుడు అద్దం మీద చప్పుడైంది. మూడుసార్లు. తొందర లేకుండా, ఒక పద్ధతి ప్రకారం, నాలుగు నెలలుగా నాకు తెలిసిన చేతితో. కొంత ఆగి, మళ్ళీ మూడుసార్లు.

వాకీటాకీ పలికింది. "లోపలికొచ్చాడా?"

"వచ్చాడు. ఊయల ఖాళీ. ఎత్తెయ్."

యంత్రం అదిరింది. ఆగింది. "ఖాళీ అంటావేంటయ్యా," అన్నాడు ఆకాశవాణి. "బరువుగా ఉంది. మొహం చూశావా?"

మూడుసార్లు చప్పుడైంది.

చూడటం ఎంత సులువో నాకు తెలుసు. ఒక్క నిమిషం కదలకుండా కూర్చుంటే చాలు. దీపం ఆరిపోతుంది, అద్దంలోంచి మేము మాయమవుతాం, అవతల ఉన్నది కనబడుతుంది. ఆ సాయంత్రమంతా ఆ పనే చేశాను, దానికోసమే నన్ను అక్కడ పెట్టారు.

"చూశాను," అన్నాను. దీపం ఆరకుండా నా చెయ్యి పైకెత్తి ఊపుతూ కూర్చున్నాను. పక్కన కూర్చున్న మనిషి నన్నొకసారి చూసి, తన కుడిచెయ్యి ఎత్తాడు. చప్పుడు వినబడినంతసేపూ ఇద్దరం చేతులు ఊపుతూనే ఉన్నాం.